పంది మాంసం తోలు కరకరలాడాలంటే?

ప్రశ్న: మాది విజయనగరం. కిలో పంది పొట్ట మాంసాన్ని తోలుతో సహా ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచాను. మాంసం వెన్నలా ఉడికింది, తోలు మాత్రం చెప్పు అడుగులా సాగింది. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: తడి వల్లేనండి. మా శ్రీకాకుళం ఉక్కపోతలో గుడ్డతో తుడిస్తే చాలదు. తోలుకు కల్లుప్పు పట్టించి, మూత పెట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దుటికి వేలితో తడితే టకటకమనాలి. సూదితో తోలంతా పొడవండి, కొవ్వు దాకానే! మాంసంలోకి దిగితే రసం ఉబికి మళ్ళీ తడుస్తుంది. చివరి 20 నిమిషాలు 230 డిగ్రీలు. పక్కనే నిలబడి చూడండి, బొబ్బలు లేవడం ఎంత బాగుంటుందో!

మరొకరు: అల్లం వెల్లుల్లి ముద్ద మాంసం వైపే రాయండి. తోలుకు తగిలితే మాడుతుంది.

ప్రశ్న అడిగినవారు: నేను తోలుకూ రాశానండి! ఓవెన్‌లో పెట్టేముందు ఉప్పు తీసేయాలా?

జవాబు: పూర్తిగా దులిపేయండి, కడగవద్దు.