నోరు తెరుచుకోని తమ్ముడిని పరిశోధనలో చేర్పించాలా?
మాది దేవరకొండ దగ్గర ఊరు. తమ్ముడికి 29 ఏళ్లు, డీసీఎం నడుపుతాడు, పదేళ్లుగా గుట్కా. ఇప్పుడు నోట్లో రెండు వేళ్లు పట్టవు. జొన్నరొట్టె పప్పులో నానబెట్టి పక్క నుంచి తోసుకుంటున్నాడు. మా దగ్గర పళ్లకేమైనా ఫ్లోరైడ్ నీళ్లనే అంటాం కదా, ఇదీ అదే అనుకున్నాం. డెంటల్ కాలేజీలో స్కేలుతో కొలిచి, 18 మిల్లీమీటర్లే తెరుచుకుంటోంది, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ (నోటి లోపలి పొర గట్టిపడి బిగుసుకుపోయే జబ్బు), గుట్కాలోని వక్క వల్లే అన్నారు.

అక్కడ జరిగే పరిశోధనలో చేరితే ఆపరేషన్ ఉచితమట. రెండు పద్ధతుల్లో ఏది చేయాలో చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుందట. అమ్మ "నా కొడుకు మీద ప్రయోగాలా" అని ఒకటే ఏడుపు.

సంతకానికి ముందు ఏమేం అడగాలి? ఈ పరిశోధన సీటీఆర్‌ఐలో (ఇలాంటి వైద్య పరిశోధనలను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నమోదైందో లేదో ఎలా చూడాలి? మధ్యలో మానేస్తే మామూలు వైద్యమైనా చేస్తారా? తర్వాత నెలల తరబడి నోటి వ్యాయామం చేయాలట, వీడు చేస్తాడని నాకైతే నమ్మకం లేదు. చేయించుకున్నవాళ్లుంటే చెప్పండి.