కెబెక్ జాతీయవాదం ముందుకు నడిచిందా, వెనక్కి మళ్లిందా?

నదితీరం:
కెనడాలో ఎక్కువమంది ఫ్రెంచ్ మాట్లాడే ప్రావిన్సు కెబెక్. 1960కి ముందు అక్కడ జాతీయవాదం అంటే చర్చి, పొలం, పెద్ద కుటుంబం. ‘మనం ఫ్రెంచ్ కెనడియన్లం, కేథలిక్కులం’ అన్నదే గుర్తింపు. 1839లో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన లార్డ్ డర్హమ్ వీళ్లను చరిత్రా సాహిత్యమూ లేని జనమని రాసి, ఇంగ్లిష్‌వాళ్లలో కలిపేయాలన్నాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా మతం అండతోనే నిలబడ్డారు.

1960లో జాన్ లసాజ్ ప్రభుత్వం వచ్చాక కథ మారింది. బడులు, ఆసుపత్రులు క్రమంగా చర్చి చేతిలోంచి ప్రభుత్వం చేతికి వచ్చాయి. ‘మన ఇంటికి మనమే యజమానులం’ అనే నినాదంతో 1962లో మళ్లీ గెలిచి, మరుసటి ఏడాది ప్రైవేటు కరెంటు కంపెనీలను ప్రభుత్వ విద్యుత్ సంస్థ హైడ్రో-కెబెక్‌లో కలిపేశారు. పుట్టుక, మతం కాదు, భాషే పునాది అయింది. అంత దూరం వచ్చిన సమాజం 2019లో 21వ చట్టంతో వెనక్కి మళ్లిందని నా వాదన. ప్రభుత్వ టీచర్లు, పోలీసులు, ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు డ్యూటీలో మతచిహ్నాలు ధరించకూడదట!

పాతపుస్తకం:
నదితీరం గారూ, దీన్ని వెనక్కి మళ్లడం అనలేం. చర్చి పెత్తనం కింద నలిగిన తరం పిల్లలూ మనవలూ ఏ మతమైనా సర్కారు బడిలో కనిపించకూడదంటున్నారు. 1936లో శాసనసభలో పెట్టిన శిలువను కూడా 2019లోనే తీసేశారు కదా. అది మీరు చెప్పిన 1960 మార్పుకు కొనసాగింపే.

నదితీరం:
గోడ మీది శిలువ తీస్తే ఎవరి ఉద్యోగమూ పోలేదండి. హిజాబ్, తలపాగా తీయమంటే పోతుంది. చట్టం అందరికీ ఒకటే కావచ్చు, భారం మాత్రం కొందరి మీదే పడుతోంది.

మంచుదారి:
నేను మాంట్రియల్‌లో ఉంటాను. మా అమ్మాయి ఫ్రెంచ్ బడిలోనే చదువుతోంది. ఫ్రెంచ్‌ను కాపాడేందుకు తెచ్చిన 1977 నాటి 101వ చట్టం ప్రకారం మాలా బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల పిల్లలకు సర్కారు ఇంగ్లిష్ బడిలో సీటు దొరకడం చాలా అరుదు. మొదట్లో నాకూ టెన్షనే. ఇప్పుడు ఆ చట్టాన్ని సమర్థిస్తాను. 1961 లెక్కల్లో ఫ్రెంచ్‌వాళ్లు తమ సొంత ప్రావిన్సులోనే ఆదాయంలో దాదాపు అట్టడుగున ఉన్నారు. పైస్థాయి ఉద్యోగాలన్నీ ఇంగ్లిష్‌లో నడిచేవి. అలాంటప్పుడు తమ భాషకు చట్టం రక్షణ కోరడం న్యాయమే.

ఆ చట్టం వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. వియత్నాం, హైతీ, లెబనాన్, ఇండియా పిల్లలు ఒకే బడిలో ఫ్రెంచ్‌లో పెరిగారు. కెబెక్ కెనడా నుంచి విడిపోవాలా అన్న 1995 రిఫరెండంలో విడిపోవద్దన్నవాళ్లు 50.58 శాతం. ఆ రాత్రి విడిపోవాలన్న పక్షానికి నాయకుడైన కెబెక్ ప్రీమియర్ (ప్రావిన్సు ప్రభుత్వాధినేత) జాక్ పారిజో, తమను డబ్బూ ఎత్నిక్ ఓట్లూ (ఇతర జాతులవాళ్ల ఓట్లు) ఓడించాయన్నాడు. ఓటేసిన పౌరులను ‘మనం’, ‘వాళ్లు’ అని విడదీసిన మాట అది. మరుసటి రోజే రాజీనామా ప్రకటించాడు.

నా కోపం అక్కడే. మీ పిల్లలను ఫ్రెంచ్ బడికి పంపండి, మాలో ఒకరవుతారు అన్నారు. అదే బడిలో చదివి, టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసిన ముస్లిం అమ్మాయిని ఇప్పుడు తల మీద గుడ్డ ఉందని ఆపుతున్నారు. ఆమె ఫ్రెంచ్‌లో లోపమేమీ లేదు. భాష వస్తే చాలన్న మాటను ఎవరు తప్పారు?

పాతపుస్తకం:
మంచుదారి గారూ, ఆ అమ్మాయి విషయంలో మీతో ఏకీభవిస్తాను. కొత్త టీచర్లకు ఆ నిబంధన సడలించాలి. అయితే వెనక్కి మళ్లడం అనే మాటకు మాత్రం ఒప్పుకోను. పక్కనే ఉన్న ఇంగ్లిష్ ప్రావిన్సు ఆంటారియోలో 1912లో 17వ నిబంధన తెచ్చి ఫ్రెంచ్ చదువును దాదాపు అణిచేశారు, అది 1927 దాకా సాగింది. కెబెక్ బయట నిలవలేమన్న అలాంటి అనుభవాలే ‘ఫ్రెంచ్ కెనడియన్’ గుర్తింపును కెబెక్ సరిహద్దులకు కుదించాయి. కోట్లాది ఇంగ్లిష్ జనం మధ్య 90 లక్షల మంది ప్రావిన్సు అది. 2022లో 96వ చట్టం తెచ్చి, 25 మంది పనిచేసే కంపెనీలకు కూడా ఫ్రెంచ్ నిబంధనలు విస్తరించారంటే ఆ భయం ఇంకా పోలేదన్నమాట.

మంచుదారి:
ఆ భయం నాకు అర్థమవుతుందండి, అందుకే 101ని సమర్థించాను. 21వ చట్టం ఒక్క ఫ్రెంచ్ మాటనైనా కాపాడుతుందా, అది చెప్పండి.