కెన్యాలో మా భాగస్వామి సంఘానికి నలుగురు వెళ్తున్నారు, వైజాగ్ నుంచి ఏమేం చూసుకుని బయల్దేరాలి?

మద్దిలపాలెం సంఘ కార్యదర్శి:
అందరికీ వందనాలు. కెన్యాలోని కిసుము పట్టణం దగ్గర ఒక పల్లె సంఘంతో రెండేళ్లుగా నెలకోసారి జూమ్‌లో ప్రార్థన కూడిక జరుగుతోంది. జనవరిలో పాస్టరుగారు, అమ్మగారు, ఇద్దరు యువకులు పది రోజులకి వెళ్తున్నారు. పాస్టరుగారికి 63 ఏళ్లు. బహిరంగ సభలేం లేవు, వాళ్లని చూసి బలపరచి రావడమే. టీకాలు, డబ్బు, అక్కడి రోజుల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. ఆ తర్వాత ఫిబ్రవరిలో వాళ్ల పాస్టరుగారిని ఇక్కడికి పిలవాలని కూడా ఉంది.

గాజువాక ట్రావెల్స్:
అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లని కెన్యా అడగదు, తిరిగొచ్చేటప్పుడు మన దేశమే అడుగుతుంది. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే కార్డు లేకుండా ముంబైలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా పడిన 10 రోజులకి గానీ కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. సీసా ఒకసారి తెరిస్తే కొన్ని గంటల్లోనే అందులోని డోసులన్నీ వాడేయాలి కాబట్టి రోజూ వేయరు. మన పోర్టు హెల్త్ ఆఫీసులో ఏ రోజు వేస్తారో ఇప్పుడే కనుక్కోండి. 60 దాటినవాళ్లకి మొదటిసారి వేస్తే అరుదుగానైనా తీవ్రమైన ఇబ్బందులు రావచ్చు, గుడ్డు పడనివాళ్లకీ జాగ్రత్త అవసరం. పాస్టరుగారు ముందు డాక్టరుకి చూపించుకోవాలి. టీకా వద్దని డాక్టరు రాసిచ్చినా తిరుగు ప్రయాణంలో క్వారంటైన్ తప్పకపోవచ్చు, ఆ రోజులు సెలవులో కలుపుకోండి.

2024 జనవరి నుంచి కెన్యాకి వీసా బదులు ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి. ఫీజు 30 డాలర్ల పైచిలుకు. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువుండాలి. ప్రయాణ కారణం, పిలిచిన సంఘం ఇచ్చిన ఉత్తరం ఒకదానికొకటి సరిపోవాలి. వాక్యం చెప్పబోతూ సరదా యాత్ర అని రాయకండి.

వైజాగ్ నుంచి ముంబై, నైరోబీ, కిసుము అంతా ఒకే టికెట్‌లో తీసుకోండి. వైజాగ్-ముంబై విడిగా కొని, ఆ విమానం లేటై నైరోబీ విమానం పోతే రెండో కంపెనీకి సంబంధం ఉండదు. ఇంకోటి, 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. పెట్టెలో షాపు కవర్లు చుట్టకండి, ఆవకాయ సీసాకి గుడ్డ చుట్టండి.

సీతమ్మధార ఆడిటర్:
డబ్బు గురించి. విదేశాలకి డబ్బు పంపుకోనిచ్చే రిజర్వ్ బ్యాంక్ ఎల్ఆర్ఎస్ పథకం వ్యక్తులకే, ఒక్కొక్కరికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా. సంఘం సొసైటీకో ట్రస్టుకో అది వర్తించదు. కాబట్టి కానుక పంపాలనుకునే విశ్వాసి తన ఖాతా నుంచి, విదేశానికి డబ్బు పంపే ఎ2 ఫారం నింపి, బ్యాంకు ద్వారా పంపాలి. నోట్ల రూపంలో ఒక్కొక్కరు 3,000 డాలర్లకి మించి పట్టుకెళ్లకూడదు, మిగతాది ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే వేసుకునే కార్డు) వేయండి. పాత డాలరు నోట్లు, చిరిగినవి, స్టాంపు పడినవి అక్కడ తీసుకోరు. రూపాయలు మార్చుకోవచ్చనే ధీమా పెట్టుకోకండి.

అసలు చిక్కు ఇక్కడ కాదు, ప్రసంగ వేదిక మీద వస్తుంది. "మీ మందిరం పైకప్పు మేం వేయిస్తాం" అని ఎవరో ఆవేశంలో అంటారు. ఆ మాట వాళ్లకి వాగ్దానం, మీకు అప్పు. వెళ్లేముందే కమిటీ ఒక అంకె నిర్ణయించాలి, అది వాళ్ల కోశాధికారికి అందాలి, రసీదు రావాలి. పాస్టరు చేతిలో కవరు పెడితే అక్కడి పెద్దల మధ్య మీరే గొడవ పెట్టినట్టు.

పెందుర్తి సిస్టర్:
పది రోజుల్లో ఎనిమిది కూడికలు పెట్టుకోకండి. రెండు చాలు. మిగతా పొద్దు ఇళ్ల దర్శనాలకి, పెద్దలతో కూర్చోవడానికి ఉంచండి. పల్లెల్లో స్వాహిలీ కంటే లువో భాష ఎక్కువ, ఏ భాషలోకి అనువదిస్తారో ముందే అడగండి. 40 నిమిషాలిస్తే అనువాదం పోను మీ మాటలకి దక్కేది 20. లేఖన భాగాలు వారం ముందే అనువాదకుడికి పంపండి. మన సామెతలూ శ్లేషలూ ఇక్కడే వదిలేయండి. అమ్మగారికి స్త్రీల కూడిక విడిగా ఉండాలి, లేకపోతే పదిరోజులూ నవ్వుతూ కూర్చోవడమే అవుతుంది.

టైము దగ్గర బోల్తా పడతారు. స్వాహిలీలో గంటలు పొద్దున ఆరు నుంచి లెక్క, వాళ్ల మూడు గంటలంటే మన తొమ్మిది. ఆదివారం పొద్దున్నే ఇది తేలితే బాధ.

భోజనంలో ఉగాలి అంటే మొక్కజొన్న సంకటి, ఆకుకూర, చేప. అతిథి వచ్చాడంటే కోడి కోస్తారు. వద్దనకండి, కానీ రోజుకో ఇంట్లో నలుగురు తింటే ఆ ఇంటికి ఎంత భారమో చూడండి. ఖర్చు ముందే కోశాధికారి ద్వారా ఇవ్వండి. శాలువాలు మోసుకెళ్లాలనే ఆలోచన ఉంటే మానుకోండి, కిసుము ఎండకి శాలువా ఎందుకండీ!

విక్టోరియా సరస్సులో బాప్తిస్మాలకి రమ్మంటే మీరు గట్టునే ఉండండి. ఆ నీళ్లలో బిల్హార్జియా జబ్బు తెచ్చే పురుగు చర్మంలోంచే ఎక్కుతుంది. మలేరియా కూడా అక్కడ ఎక్కువ. అది రాకుండా డాక్టరు డాక్సీసైక్లిన్ మాత్రలు రాసిస్తే వెళ్లే ముందు రోజు నుంచి, వచ్చాక నాలుగు వారాల దాకా మింగాలి. జ్వరం రాలేదు కదా అని మధ్యలో ఆపేవాళ్లే ఎక్కువ. వచ్చాక జ్వరమొస్తే డాక్టరుకి ఆఫ్రికా వెళ్లొచ్చామని ముందే చెప్పండి.

మద్దిలపాలెం సంఘ కార్యదర్శి:
చాలా మేలు చేశారు. మరి ఫిబ్రవరి సంగతి?

సీతమ్మధార ఆడిటర్:
ఫిబ్రవరి దగ్గరపడిపోయింది. టూరిస్టు వీసా మీద వచ్చి మందిరంలో కూర్చుని ఆరాధించడం వేరు, పుల్పిట్ ఎక్కి బోధించడం వేరు. రెండోదానికి మిషనరీ వీసా కావాలి, దాన్ని కెన్యాలోని మన హైకమిషన్‌లో (రాయబార కార్యాలయంలో) అడగాలి. ఆయనకీ ఎల్లో ఫీవర్ కార్డుండాలి. ఇంట్లో దింపుకుంటే 24 గంటల్లోగా విదేశీ అతిథి వివరాల ఫారం ఆన్‌లైన్‌లో నింపాల్సింది ఆ ఇంటివాళ్లే. ఇక కానుక పెట్టె: విదేశీయుడు వేస్తే అది రూపాయల్లో ఉన్నా విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని సంఘం తీసుకోకూడదు. ఆయన వచ్చేముందే మర్యాదగా చెప్పేయండి, పెట్టె ఆయన ముందుకి వచ్చాక చెప్పడం ఇద్దరికీ కష్టం.