ఫ్రెండ్ పుట్టినరోజు, మర్నాడే వాళ్ళ తమ్ముడికి చర్చిలో ఫంక్షన్. ఏం చేయాలి?

కొత్తమ్మాయి, డెగ్గెన్‌డార్ఫ్:
అందరికీ నమస్తే. మార్చిలో ఇక్కడికి, జర్మనీకి వచ్చాను, మాస్టర్స్ మొదటి సెమిస్టర్. మాది కరీంనగర్. నా క్లాస్‌మేట్ జర్మన్ అమ్మాయి, వాళ్ళది పాసౌ దగ్గర పల్లెటూరు. ఏప్రిల్ 11 శనివారం తన పుట్టినరోజు, ఇంటికి రమ్మంది. మర్నాడు వాళ్ళ తమ్ముడికి క్యాథలిక్ చర్చిలో ఫస్ట్ కమ్యూనియన్ అట, రాత్రి ఉండిపోయి అది కూడా చూసి వెళ్ళమంటోంది. నేనెప్పుడూ చర్చి లోపలికి వెళ్ళలేదు. అక్కడ ఏం చేయాలి, ఏం చేయకూడదు? ఇద్దరికీ గిఫ్ట్ ఇవ్వాలా? గుడ్డు తింటాను, మాంసం తినను. కొంచెం టెన్షన్‌గా ఉంది.

మ్యూనిక్ అన్న, 2008 నుంచి:
అమ్మా, పుట్టినరోజు అన్నావు కాబట్టి ముందు ఇది చదువు. మా రూమ్మేట్ పుట్టినరోజుకి మన అలవాటు ప్రకారం రాత్రి పన్నెండింటికి కేక్ కోశాం. పాట పాడాం, అంతే. కింది ఇంటి పెద్దావిడ బెల్లు కొట్టలేదు, తలుపు తట్టలేదు, నేరుగా పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళు మర్యాదగానే వచ్చి, పేర్లు రాసుకుని, సౌండ్ తగ్గించమని చెప్పి వెళ్ళిపోయారు. అయిపోయిందనుకున్నాం. వారం తిరక్కుండా ఇంటి ఓనర్ నుంచి అబ్మానుంగ్, అంటే హెచ్చరిక ఉత్తరం వచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే ఖాళీ చేయిస్తానని. సరే, నోరు మూసుకుని ఉన్నాం. ఇల్లు వదిలేటప్పుడు అసలు కథ మొదలైంది. హాల్లో నేల మీద కొవ్వొత్తి మైనం మరక ఉందట, గోడకి క్రీమ్ అంటిందట, మొత్తం గదికి రంగు వేయించాలట. కౌత్సియోన్‌లో, అంటే చేరేటప్పుడు కట్టిన అడ్వాన్స్‌లో, సగానికి పైగా పట్టేసుకుంటానన్నాడు. అదృష్టం కొద్దీ చేరిన రోజు తీసిన ఫోటోలు ఉన్నాయి, ఆ మరక అప్పటికే ఉంది. అద్దెదారుల సంఘంలో డబ్బు కట్టి చేరితే వాళ్ళ లాయర్ ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం వెళ్ళాక గానీ ఓనర్ దారికి రాలేదు. కాబట్టి ఫోటోలు తీసుకో, సంతకం పెట్టిన కాగితం దాచుకో. రాత్రి పదికి చప్పుడు ఆపేయాలి. నెలకి ఒక్కసారి మాత్రం పార్టీకి చట్టం ఒప్పుకుంటుంది.

స్టుట్‌గార్ట్ అక్క:
అన్నయ్యా, ఆ అమ్మాయి వెళ్ళేది ఫ్రెండ్ వాళ్ళ సొంతింటికి. అక్కడ ఓనర్ ఎవరు, కౌత్సియోన్ ఎవరిది? పైగా నెలకోసారి పార్టీకి చట్టం ఒప్పుకుంటుందనేది ఇక్కడ అందరూ చెప్పుకునే అబద్ధం. అలాంటి హక్కేమీ లేదు, కోర్టులు ఎన్నోసార్లు కొట్టేశాయి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా చప్పుడు చేయకూడదంటే పుట్టినరోజుకీ అంతే.
చెల్లీ, ఒక్కటి గుర్తుపెట్టుకో. శుక్రవారం నాడే "అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే" అని మెసేజ్ పెట్టకు. ముందుగా చెబితే అపశకునం అని వీళ్ళ నమ్మకం, ఇంజనీర్లు కూడా ముఖం మాడ్చుకుంటారు. శనివారం వచ్చాక చెప్పు. కేక్ తీసుకెళ్ళాలని కంగారు పడకు, ఇక్కడ పుట్టినరోజు ఎవరిదో వాళ్ళే కేక్ చేసి అందరికీ పెడతారు. మాంసం తినవని ఇప్పుడే చెప్పెయ్, చివర్లో చెబితే నీకోసం వాళ్ళమ్మ హడావిడి పడుతుంది. కేకుల్లోనూ చూసుకో. క్రీమ్ గట్టిపడటానికి జంతువుల నుంచి తీసే జెలటిన్ వేస్తారు చాలావాటిలో. బ్లాక్ ఫారెస్ట్‌లో చెర్రీ సారా ఉంటుంది, మన బేకరీలో దొరికేదానిలా కాదు.

ఫిరంగిపురం అక్క, రేగెన్స్‌బుర్గ్:
చర్చి గురించి ఎవరూ చెప్పేలా లేరు, నేను చెప్తాను. మేం తరతరాలుగా క్యాథలిక్కులం. అది ప్రథమ సత్ప్రసాదం పండుగ. ఇక్కడ మూడో తరగతి పిల్లలకి చేస్తారు, ఈస్టర్ తర్వాతి ఆదివారం దానికి పాత ఆనవాయితీ. ఈ ఏడాది ఈస్టర్ 5న వచ్చింది కాబట్టి మీది 12 అయింది. పిల్లలు తెల్ల అంగీలు వేసుకుని, పొడుగాటి కొవ్వొత్తులు పట్టుకుని వరసగా లోపలికి వస్తారు. చూడముచ్చటగా ఉంటుంది.
నువ్వు మీ ఫ్రెండ్ పక్కనే కూర్చో. వాళ్ళు లేస్తే లే. మోకరిల్లేటప్పుడు నువ్వు ఊరికే కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. గుమ్మం దగ్గర తీర్థం ముట్టుకోవడం, సిలువ గుర్తు వేసుకోవడం నీకు అవసరం లేదు. మధ్యలో అందరూ పక్కవాళ్ళకి చేయి కలిపి శాంతి చెప్పుకుంటారు, నువ్వూ నవ్వి చేయి ఇవ్వు. బుట్ట తిరుగుతుంది, ఒకటి రెండు యూరోల నాణేలు జేబులో ఉంచుకో.
ముఖ్యమైన సంగతి: సత్ప్రసాదానికి వరస కట్టినప్పుడు వెళ్ళకు. అది గుళ్ళో ప్రసాదంలా వచ్చినవాళ్ళందరికీ పెట్టేది కాదు. మాకది క్రీస్తు శరీరం, క్యాథలిక్కులే తీసుకుంటారు. బెంచీ మధ్యలో ఉంటే పక్కకి జరిగి దారి ఇవ్వు, చాలు. వాళ్ళతో పాటు వెళ్ళాలనిపిస్తే రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకో, ఫాదర్ దీవించి పంపుతారు. ఫోన్ లోపల పెట్టు, చాలా చోట్ల ఫోటోలకి ఒక్క మనిషినే పెడతారు. చుడీదార్ వేసుకో, పైన జాకెట్ తీసుకెళ్ళు. ఏప్రిల్‌లో ఆ రాతి చర్చిలు లోపల గడ్డకట్టించేస్తాయి.
అన్నట్టు ఫాదర్ మనవాడే అయినా ఆశ్చర్యపోకు. బవేరియా పల్లెల్లో కేరళ నుంచి, మన ఆంధ్ర నుంచి వచ్చిన గురువులు చాలామంది ఉన్నారు. వీలైతే ఆల్ట్‌యోట్టింగ్ కూడా తీసుకెళ్ళమను. నల్ల మరియమాత ఉన్న పుణ్యక్షేత్రం, అదీ పాసౌ మేత్రాసనంలోనే, అంటే ఆ బిషప్పు పరిధిలోనే. గుణదల తిరునాళ్ళకి వెళ్ళిన మాకు అక్కడ కొత్తేమీ అనిపించలేదు.

గుంటూరు లూథరన్, న్యూరెంబర్గ్:
మరీ అంత కఠినంగా చెప్పనక్కర్లేదు సిస్టర్. నేను ఇక్కడ క్యాథలిక్ పూజకి వెళ్ళి సత్ప్రసాదం తీసుకున్నాను. ఎవరూ కార్డు అడగలేదు.

ఫిరంగిపురం అక్క, రేగెన్స్‌బుర్గ్:
అడగకపోవడం వేరు, అనుమతి ఉండటం వేరు. మీ ప్రొటెస్టెంట్ చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి నేను వస్తే మా ఫాదర్ ఒప్పుకోరు, అలాగే ఇదీ. ఆ పిల్లకి అయోమయం పెట్టకండి.

మ్యూనిక్ అన్న, 2008 నుంచి:
చర్చి మాట వచ్చింది కాబట్టి ఇది చదివే మన క్రిస్టియన్ పిల్లలకి ఒక మాట. అన్మెల్డుంగ్ (చిరునామా నమోదు) ఫారంలో మతం గడిలో క్యాథలిక్ అని రాశారో, జీతంలో 9 శాతం చర్చి పన్నుగా పోయినట్టే.

స్టుట్‌గార్ట్ అక్క:
మళ్ళీ తప్పు. జీతంలో కాదు, మీరు కట్టే ఆదాయపు పన్ను మీద. అది కూడా బవేరియాలో, మా బాడెన్-వుర్టెంబర్గ్‌లో 8 శాతమే. మిగతా రాష్ట్రాల్లో 9. పార్ట్‌టైమ్ చేసే స్టూడెంట్‌కి ఆదాయపు పన్నే పడకపోతే దాని మీద చర్చి పన్ను ఎక్కడిది?

మ్యూనిక్ అన్న, 2008 నుంచి:
ఉద్యోగం వచ్చాక పడుతుంది కదమ్మా. నేను చెప్పేది అదే. గడి ఖాళీగా వదిలేయండి.

ఫిరంగిపురం అక్క, రేగెన్స్‌బుర్గ్:
బాప్తిస్మం తీసుకుని గడి ఖాళీగా వదిలేయమని సలహా ఇస్తున్నారా? బాగుంది. పిల్లలకి ప్రథమ సత్ప్రసాదం కావాలి, పెళ్ళి చర్చిలో కావాలి, పన్ను మాత్రం వద్దు. ప్రభుత్వ ఆఫీసులో కాగితం ఇచ్చి చర్చి నుంచి బయటికి వెళ్ళినవాళ్ళకి సత్ప్రసాదం లేదని 2012లోనే జర్మన్ బిషప్పులు ఉత్తర్వు ఇచ్చారు. నేను కడుతున్నాను, ఏడవకుండానే.

గుంటూరు లూథరన్, న్యూరెంబర్గ్:
మేమూ కడుతున్నాం. బాప్టిస్టులకి మాత్రం జీతంలో కోయరు, వాళ్ళు కానుకల మీదే నడుపుకుంటారు.

కొత్తమ్మాయి, డెగ్గెన్‌డార్ఫ్:
అక్కా, చాలా థ్యాంక్స్, చర్చి విషయం స్పష్టంగా అర్థమైంది. పన్ను నాకు రాదనుకుంటాను! గిఫ్ట్ సంగతి చెప్పండి. పువ్వులు ఆదివారం పొద్దున అక్కడే కొనొచ్చా?

స్టుట్‌గార్ట్ అక్క:
పల్లెలో ఆదివారం నీకు ఏదీ దొరకదు. అన్నీ శనివారం బయల్దేరేముందే డెగ్గెన్‌డార్ఫ్‌లో కొనుక్కో. వాళ్ళమ్మకి ఒక పూలగుత్తి, కాగితం తీసేసి చేతికి ఇవ్వు. తెల్ల చామంతులు మాత్రం వద్దు, అవి ఇక్కడ సమాధుల మీద పెడతారు. ఫ్రెండ్‌కి ఇండియా నుంచి తెచ్చింది ఏదైనా ఉంటే అదే ఇచ్చెయ్. పిల్లాడికి ఒక కార్డులో 20 యూరోలు పెట్టు, స్టూడెంట్‌కి అంతకంటే అక్కర్లేదు. కార్డు మీద "ఎర్స్ట్‌కొమ్మునియోన్" (ఫస్ట్ కమ్యూనియన్) అని ఉన్నదే తీసుకో, షాపుల్లో ఈ నెలంతా గుట్టలుగా ఉంటాయి.

గుంటూరు లూథరన్, న్యూరెంబర్గ్:
డాయిచ్‌లాండ్ టికెట్, అదే దేశమంతా తిరిగే నెల పాస్, ఉందిగా? ప్లాట్‌లింగ్ స్టేషన్‌లో రైలు మారేటప్పుడు ఐసీఈ అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కకు, అందులో ఆ టికెట్ చెల్లదు. రీజనల్ రైలే ఎక్కు. పల్లెల్లో ఆదివారం బస్సులు ఉండవు, ఉన్నా ఒకటో రెండో. తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్ దాకా ఎవరు దింపుతారో ఇప్పుడే అడుగు. మధ్యాహ్నం భోజనం, తర్వాత కాఫీ కేకులు, మళ్ళీ చర్చిలో చిన్న ప్రార్థన, ఇలా సాయంత్రం దాకా సాగుతుంది.