ఆయిల్స్‌లో ఇంప్రెషనిస్ట్ పోర్ట్రెయిట్: నీడ దగ్గరే ఆగిపోతున్నాను

నీలిపలక:
నమస్కారం. రెండేళ్లుగా వాటర్‌కలర్స్ వేస్తున్నాను, ఆయిల్స్ మాత్రం కొత్త. వెలుగును రంగు మచ్చలతో పట్టే ఇంప్రెషనిస్టుల్లో ఒకడైన ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ 1870లలో వేసిన ముఖాలు చూసి ఆశ పుట్టింది. అమ్మమ్మను వరండాలో కూర్చోబెట్టి మొదలుపెట్టాను. ఎండ తగిలిన చెంప బాగానే వస్తోంది. నీడవైపు నలుపు కలిపేసరికి మసి పూసినట్టు అవుతోంది. మూడు కాన్వాసులు పాడయ్యాయి. ఈ దశ దాటినవాళ్లు కాస్త చెప్పండి.

గట్టుమీదచెట్టు:
నాకు ఏడాది పట్టిందండి. ముందు ఆ నలుపు ట్యూబు తీసి లోపల పెట్టేయండి. నీడలోనూ వెలుగు ఉంటుంది, వేరే దిక్కు నుంచి వస్తుందంతే. మా నాన్నగారిని వేపచెట్టు కింద కూర్చోబెట్టి వేస్తుంటే ఆయన మెడ పక్కన పచ్చగా కనిపించింది. నమ్మలేక, తెల్ల కాగితానికి చిన్న చిల్లు పెట్టి అందులోంచి చూశాను. నిజంగానే బూడిద కలిసిన ఆకుపచ్చ! దవడ కింద మాత్రం తెల్లచొక్కా మీద నుంచి ఎగసిన వెలుగు, లేత పసుపుగా. ఆ రెండూ పెట్టగానే ముఖానికి గుండ్రదనం వచ్చింది.

రెన్వార్ ఇందుకే తిట్లు తిన్నాడు. చెట్ల సందుల్లోంచి ఎండ పడుతున్న స్త్రీ బొమ్మను 1876లో ప్రదర్శిస్తే, ఆకుపచ్చ, ఊదా మచ్చలతో కుళ్లుతున్న మాంసంలా ఉందని ఒక విమర్శకుడు రాశాడు. ఆ బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

రెండోకోటు:
ఇంకో మాట. చాలా పుస్తకాల్లో చర్మానికి చెప్పే రంగులు తెల్లవాళ్ల ఒంటికి సరిపోయేవి. మన చామనచాయకు నేను బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు)తో మొదలుపెడతాను. నీడలోకి వెళ్లేకొద్దీ అల్ట్రామెరైన్ (ముదురు నీలం), కొద్దిగా అలిజరిన్ (ముదురు ఎరుపు). నుదుటి మెరుపుకు ఉత్త తెలుపు వేస్తే సుద్దలా ఉంటుంది, ఆరుబయట అయితే అందులో చిటికెడు కోబాల్ట్ బ్లూ కలపండి.

సముద్రంపక్కన:
నేను మసాచుసెట్స్‌లో ఉంటాను. ఇక్కడ ప్రావిన్స్‌టౌన్‌లో చార్లెస్ హాథార్న్ అనే చిత్రకారుడు 1899లో ఒక ఆర్ట్ స్కూల్ పెట్టాడు. మోడల్‌ను ఎండకు వీపు పెట్టి బీచ్‌లో నిలబెట్టి, విద్యార్థుల చేత పుట్టీ కత్తితో వేయించేవాడు. దాంతో కనురెప్ప గీయడం కుదరదు, పక్కపక్కన రంగు మచ్చలు పెట్టడమే. ఆ బొమ్మలను మడ్‌హెడ్స్ (బురద తలలు) అనేవారు. నేను ఒక నెల అలాగే వేశాను, తలకు ఇరవై నిమిషాలు. కళ్లూ ముక్కూ ముందే గీసేసే అలవాటు దాంతోనే పోయింది.

రెండోకోటు:
అవును, పుట్టీ కత్తి లేకపోతే పెద్ద ఫ్లాట్ బ్రష్ అయినా పర్లేదు. కింది పొర టర్పెంటైన్‌తో పల్చగా, పై పొరల్లో నూనె ఎక్కువగా ఉండాలి. తిరగేస్తే తర్వాత పగుళ్లొస్తాయి. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడెక్కుతుంది, గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరేయండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

నీలిపలక:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న నాలుగింటికి నలుపు లేకుండా కూర్చున్నాను. కాగితం చిల్లులోంచి చూస్తే అమ్మమ్మ దవడ కింద కుంకుమరంగు! ఆవిడ కట్టుకున్న ఎర్రచీర అక్కడ ప్రతిఫలిస్తోంది. ఇన్నాళ్లూ అక్కడే నలుపు పూశాను. అరగంటలో ఎండ వరండా స్తంభాన్ని దాటిపోయింది, ఆపేశాను. ఇవాళ కూడా అదే చీర కట్టుకోమని చెప్పాను. నాలుగింటికి మళ్లీ కూర్చుంటాం.