మొదటి బీమ్‌టైమ్, 8 గంటలు, సూదుల్లాంటి క్రిస్టల్స్.. ఏమేం చూసుకోవాలి?

సూదిమందు:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా, మూడో ఏడు. మా ల్యాబ్‌కి యూరప్‌లో ఒక సింక్రోట్రాన్‌లో (పెద్ద ఎక్స్-రే మెషీన్) రిమోట్ బీమ్‌టైమ్ (క్రిస్టల్స్ పంపి, ఇక్కడి నుంచే ఆ మెషీన్ నడిపే టైమ్) దొరికింది, ఒకటే షిఫ్ట్, 8 గంటలు, ఇంకా 3 వారాలుంది. ఇన్నాళ్ళూ ఇవన్నీ చూసుకున్న సీనియర్ పోస్ట్‌డాక్‌కి వెళ్ళిపోయారు. సార్‌ని అడిగితే "ఏముందమ్మా, కంప్యూటర్ ముందు కూర్చోవడమేగా" అన్నారు, ఇంకేం అడుగుతాం.

నాది ఒక బాక్టీరియా ఎంజైమ్. కండిషన్ (క్రిస్టల్స్ పెరిగే సొల్యూషన్) 18% పెగ్ 3350, 0.2 మోలార్ అమ్మోనియం సల్ఫేట్. క్రిస్టల్స్ సూదుల్లా వస్తున్నాయి, పొడవు 150 మైక్రాన్లు ఉంటుందేమో గానీ మందం 15 కూడా ఉండదు. ఇక్కడ మా రొటేటింగ్ ఆనోడ్ (ల్యాబ్‌లోని చిన్న ఎక్స్-రే మెషీన్) మీద 20 నిమిషాలు ఎక్స్‌పోజర్ ఇచ్చినా 4 ఆంగ్‌స్ట్రామ్ దాటి (ఈ అంకె ఎంత తగ్గితే అంత వివరంగా కనబడుతుంది) ఒక్క స్పాట్ కనబడలేదు. పైగా 25% గ్లిసరాల్‌లో ముంచగానే కళ్ళ ముందే చీలిపోతున్నాయి.

నా డౌట్లు: ఎన్ని ఫ్రీజ్ చేసి పంపాలి? క్రయో (ఫ్రీజ్ చేసేటప్పుడు ఐస్ పడకుండా ముంచే సొల్యూషన్) సంగతేంటి? డ్రై షిప్పర్ (నైట్రోజన్ పీల్చుకుని చల్లగా ఉండే పెట్టె) అంత దూరం వెళ్ళేసరికి నైట్రోజన్ అయిపోదా? ఆ 8 గంటలూ అసలు ఏ వరసలో పని చేయాలి? ఇంకోటి, నవ్వకండి, ఎయిర్‌పోర్ట్‌లో స్కానర్‌లో పెడితే క్రిస్టల్స్ పాడవుతాయా?

డ్యూవర్_మావ:

బ్రో, ముందు నీ ఆఖరి డౌట్‌కి చెప్తా. స్కానర్‌లో పడే డోస్ మైక్రోగ్రేలలో ఉంటుంది, 100 కెల్విన్‌లో ఉన్న క్రిస్టల్ తట్టుకునేది 30 మెగాగ్రే దాకా. మైక్రోకీ మెగాకీ మధ్య ఎన్ని సున్నాలో లెక్కపెట్టుకుని హాయిగా పడుకో.

ఎన్ని పంపాలి అంటే.. 8 గంటలంటే 480 నిమిషాలు. రోబో ఒకటి దించి ఇంకోటి ఎక్కించడం, సెంటర్ చేయడం, రెండు టెస్ట్ ఇమేజ్‌లు తీయడం, మీరు నోరు తెరుచుకుని స్క్రీన్ చూడడం, అంతా కలిపి ఒక్కోదానికి 5 నిమిషాలు వేసుకో. డేటాసెట్ తీయడానికి అసలు టైమే పట్టదు, 0.1 డిగ్రీ చొప్పున 3600 ఇమేజ్‌లు, సెకనుకి 100 తీస్తే 36 సెకన్లు. టైమంతా మార్చడంలోనూ ఆలోచించడంలోనూ పోతుంది. అందుకని 3 పక్‌లు (పిన్నులు పెట్టే గుండ్రటి డబ్బాలు), పక్‌కి 16 పిన్నులు (కొసన లూప్‌లో క్రిస్టల్ ఉండేవి), మొత్తం 48, అది చాలు. 4 గంటల్లో స్క్రీనింగ్ అయిపోతుంది, మిగతా 4 గంటలు మంచి వాటి మీద ఖర్చుపెట్టు. వంద పంపిన వాళ్ళని చూశా, షిఫ్ట్ అయ్యేసరికి సగం పిన్నులు తాకకుండా వెనక్కొచ్చాయి.

ఇప్పుడు క్రయో. ఒకటి నిజం చెప్పు, ట్యూబ్‌లో రిజర్వాయర్ (అదే నీ కండిషన్ సొల్యూషన్) తీసుకుని అందులో గ్లిసరాల్ కలిపేస్తున్నావు కదా? 750 మైక్రోలీటర్ల రిజర్వాయర్‌కి 250 గ్లిసరాల్ కలిపితే నీ 18% పెగ్ 13.5కి పడిపోయింది, ఉప్పు 0.15కి పడిపోయింది. చీలిందని గ్లిసరాల్‌ని తిట్టి లాభం లేదు, సొల్యూషన్ పలచబడింది, దానికి తోడు ఒక్కసారిగా గ్లిసరాల్ షాక్. స్టాక్‌ల నుంచి మళ్ళీ కలుపు: పెగ్ 18 కాదు 20 పెట్టు, ఉప్పు అంతే, బఫర్ అంతే, నీళ్ళ స్థానంలో గ్లిసరాల్. డ్రాప్‌లోకే ముందు 5% ఉన్నది కొంచెం, తర్వాత 10, తర్వాత 20, మధ్యలో నిమిషం నిమిషం గ్యాప్. అప్పటికీ చీలితే ఎథిలీన్ గ్లైకాల్, అదీ కాకపోతే పెగ్ 400. మూడూ చేసి పక్‌కి ఒకటి పెట్టుకుంటే ఇంకా మంచిది, ఏది పనిచేస్తుందో బీమ్ చెప్తుంది.

క్రయో బాగుందో లేదో తెలియడానికి క్రిస్టల్ అక్కర్లేదు. ఉత్త సొల్యూషన్‌ని లూప్‌లో తీసి నైట్రోజన్‌లో ముంచు. గాజులా ఉంటే సరే, పాలలా తెల్లగా అయితే ఐస్. మీ ల్యాబ్ మెషీన్ మీద ఒక షాట్ తీస్తే 3.9, 3.67, 3.44 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర వలయాలు కనబడతాయి, అవి కనబడితే మళ్ళీ మొదటికి.

లూప్ చిన్నది వాడు, సూది పిన్ను వెంబడే నిలువుగా పడుకునేలా తీయి, తర్వాత పనికొస్తుంది. సూది చుట్టూ లిక్విడ్ ఎంత తక్కువుంటే బ్యాక్‌గ్రౌండ్ అంత తక్కువ. 15 మైక్రాన్ల దానికి అదే జీవన్మరణ సమస్య.

ఐస్‌రింగ్:

మావ చెప్పినవన్నీ కరెక్టే, పక్‌ల గురించి మాత్రం నేను చెప్తా, ఎందుకంటే అక్కడే నా కొంప మునిగింది. యూనిపక్‌లో స్థానాలు లోపలి వలయంలో 5, బయట 11. లోడ్ చేసేటప్పుడు మనం చూసేది ఒక వైపు నుంచి, బేస్ తిప్పి చూస్తే అద్దంలో చూసినట్టు వరస తిరగబడుతుంది. నేను 6 నుంచి 16 దాకా మొత్తం ఎదురు దిక్కులో పెట్టా. షిఫ్ట్‌లో "ఇది లిగాండ్ (ఎంజైమ్‌కి అతుక్కునే చిన్న అణువు) ఉన్నది" అనుకుని తీసిన డేటాసెట్ రెండు నెలలు రిఫైన్ చేశా, డెన్సిటీలో లిగాండ్ కనబడదే, కనబడదే, చివరికి నోట్‌బుక్‌లో గీసిన బొమ్మ చూస్తే అప్పుడు అర్థమైంది, అది అపో, అంటే లిగాండ్ లేని క్రిస్టల్. కాబట్టి ఫోమ్ డ్యూవర్ (నైట్రోజన్ పోసే పాత్ర) పక్కన లామినేట్ చేసిన బొమ్మ పెట్టుకో, ఒకరు పిన్ను పెడుతుంటే ఇంకొకరు గట్టిగా నంబర్ చెప్తూ రాయాలి, ఒక్కతే చేయొద్దు.

ఫ్రెష్ నైట్రోజన్ వాడు. పొద్దున్నుంచి తెరిచి ఉంచిన డ్యూవర్‌లో అడుగున తెల్లటి పొడి కనబడుతుంటుంది చూడు, అదంతా గాలిలో తేమ, వెళ్ళి క్రిస్టల్ మీద కూర్చుంటుంది. జూలైలో హైదరాబాద్ తేమకైతే చెప్పక్కర్లేదు. పిన్నుల పొడవు కూడా చూసుకో, యూరప్‌లో ఎక్కువ చోట్ల బేస్ నుంచి క్రిస్టల్ దాకా 22 మిల్లీమీటర్లుండాలి, వంగిన పిన్ను ఒక్కటున్నా రోబో మధ్యలో ఆగిపోతుంది, అప్పుడు అక్కడి వాళ్ళు వచ్చి తీసేదాకా కూర్చోవాలి.

డ్రై షిప్పర్: నింపితే లోపలి పదార్థం పీల్చుకుంటూ ఉంటుంది, మట్టం తగ్గినకొద్దీ పోస్తూ ఉండాలి, ఇక తగ్గదు అనే దాకా, అది సాయంత్రానికల్లా అయిపోదు, ముందు రోజు మొదలుపెట్టాలి. తర్వాత తూచి రాసుకో, 24 గంటలు వదిలి మళ్ళీ తూచు. పాత షిప్పర్లలో వాక్యూమ్ పోతే బయట మంచు పడుతుంది, బరువు గబగబా పడిపోతుంది, అలాంటిది పంపకు. బాగున్నదైతే నిలువుగా ఉంచితే పది రోజుల పైనే ఆగుతుంది, పడుకోబెడితే అంత ఆగదు. పంపే ముందు మిగిలిన లిక్విడ్ పూర్తిగా వంచేయాలి, ద్రవం లేదు కాబట్టే దాన్ని ప్రమాదకరం కాని సరుకుగా తీసుకుంటారు. మాది ఒకసారి కస్టమ్స్‌లో శుక్రవారం ఇరుక్కుని బుధవారం కదిలింది, ఇన్‌వాయిస్ మీద ప్రోటీన్ గురించి ఒక్క లైన్ సరిగా రాయకపోవడం వల్ల. ఇన్ఫెక్షన్ లేనిది, విషం కానిది, అమ్మకానికి కానిది, ఈ మూడు ముక్కలూ లెటర్‌హెడ్ మీద ఉండాల్సిందే. సోమవారమే పంపు.

పోహా_జిలేబీ:

నేను రిమోట్ కాదు, ఇండోర్ పోయి చేసిన, ఇండస్-2 మీద పీఎక్స్ బీఎల్-21 బీమ్‌లైన్. 2.5 జీఈవీ మెషీన్, రింగు చుట్టుకొలత 172.5 మీటర్లే, బెండింగ్ మాగ్నెట్ బీమ్ కాబట్టి పెద్ద మెషీన్లంత జోరుగా ఉండదు, ఒక్కో ఇమేజ్‌కి సెకన్లల్ల లెక్క. 15 మైక్రాన్ల సూదికి అది సరిపోకపోవచ్చు, కానీ పెద్ద క్రిస్టల్స్ ఉన్నోళ్ళు కస్టమ్స్ గోల లేకుండా డ్యూవర్ పట్టుకొని పోయి రావచ్చు, ఎందుకు అడగరో నాకు సమజ్ కాదు. గేట్ పాస్‌కి మాత్రం ముందే పేపర్లు పంపాలె.

ఒక్కసారైనా మనిషే పోయి చెయ్యాలె అంటా నేను. హచ్ (బీమ్ పడే గది) లోపల నువ్వే పోతవ్, లోపల ఎవరు లేరని అన్ని మూలలు చూసుకుంట సెర్చ్ బటన్లు వరసగా నొక్కాలె, టైమ్ అయ్యేలోపు బయటికొచ్చి తలుపు ఎయ్యాలె, అప్పుడే షటర్ తెరుస్తరు. మొదటిసారి నేను రెండో బటన్ మర్చిపోయి మూడోది నొక్కిన, ఇంటర్‌లాక్ ఒప్పుకోలే, మళ్ళ మొదటికెళ్ళి. తెల్లారుజామున 3 గంటలకు చెయ్యి వణుకుతుంటే టాంగ్స్‌తో పిన్ను పెట్టి, ఆ చల్లగాలి పొగలాగ వస్తుంటే, లూప్ మీద మంచు పడకముందే చెయ్యి తీయాలె.. ఆ ఫీల్ స్క్రీన్ మీద రాదు. పొద్దున పోహా జిలేబీ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

సూదిమందు:

డ్యూవర్_మావ గారూ, బ్రో కాదండీ 😀 అంతా రాసుకున్నా. మీరన్నట్టు నేను నిజంగానే రిజర్వాయర్‌లోనే గ్లిసరాల్ కలిపేస్తున్నా, ఎవరూ చెప్పలేదు. ఈ రోజు స్టాక్‌ల నుంచి కలిపి 20% ఎథిలీన్ గ్లైకాల్‌లో ముంచా, 4 నిమిషాలు చూశా, చీలలేదు!!

షిఫ్ట్ లోపల ఏం చేయాలో ఎవరైనా చెప్పండి. మాకు అక్కడి టైమ్ సాయంత్రం 4కి మొదలు.

డ్యూవర్_మావ:

సారీ చెల్లీ 😀 చలికాలమైతే మనకి రాత్రి 8:30, ఎండాకాలం గడియారం ముందుకి జరుపుకుంటారు కాబట్టి 7:30, ఇది కూడా తప్పు లెక్కేసుకుని గంట పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఇద్దరు కూర్చోండి, ఒకరు బీమ్‌లైన్ నడపండి, ఇంకొకరు ప్రాసెసింగ్ చూడండి. ఫోన్ హాట్‌స్పాట్ రెడీగా పెట్టుకోండి. శాంపిల్ షీట్‌లో ప్రోటీన్ పేరు సేఫ్టీ ఫారంలో రాసిన పొట్టి పేరుతో అక్షరం పొల్లు పోకుండా కలవాలి, అది ఇప్పుడే చూసుకో.

మొదట అన్నీ స్క్రీన్ చేయి, నచ్చిన మొదటిదానికే డేటా తీసేయకు. 0 దగ్గర ఒకటి, 90 దగ్గర ఒకటి టెస్ట్ ఇమేజ్, రెండూ చూడాలి, సూదులు ఒక వైపు బ్రహ్మాండంగా ఉండి తిప్పగానే పొగమంచులా అయిపోతాయి. బీమ్ సైజ్ సూది మందానికి దగ్గరగా పెట్టు, 50 మైక్రాన్ల బీమ్‌ని 15 మైక్రాన్ల సూది మీద వేస్తే మిగతాదంతా లూప్‌నీ లిక్విడ్‌నీ ఫొటో తీసినట్టే. మామూలు కెమెరాలో కనబడకపోతే ఎక్స్-రే గ్రిడ్ స్కాన్ చేయి, అంటే గడిగడికీ బీమ్ వేసి క్రిస్టల్ ఎక్కడుందో వెతకడం.

డేటాకి హెలికల్ పెట్టు, అంటే తిప్పుతూనే ఒక కొస నుంచి రెండో కొసకి జరుపుతుంది, డోస్ మొత్తం ఒక్క చోట పడదు. స్ట్రాటజీ ప్రోగ్రామ్‌కి (ఎంత డోస్‌తో ఎలా తీయాలో లెక్కేసేది) క్రిస్టల్ కొలతలు నిజమైనవి ఇవ్వు, డిఫాల్ట్ వదిలేస్తే డోస్ లెక్క మొత్తం అబద్ధం. 30 మెగాగ్రే అనేది లిమిట్, టార్గెట్ కాదు, అంతకు చాలా ముందే డైసల్ఫైడ్‌లు తెగుతాయి, గ్లుటమేట్, ఆస్పార్టేట్‌ల నుంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోతుంది. మీ ఎంజైమ్ యాక్టివ్ సైట్‌లో గ్లుటమేట్ ఉంటే దాన్నే చూడాలని ఇంత కష్టపడి దాన్నే కాల్చేసుకుంటావు. ట్రాన్స్‌మిషన్ (బీమ్ బలం) తగ్గించి 360 డిగ్రీలు తీయి, సరిపోకపోతే అదే సూది మీద ఇంకో ముక్క తీసి కలుపుకో.

డేటా ఎన్నాళ్ళుంచుతారో అడిగి మర్నాడే కాపీ మొదలుపెట్టు.

సూదిమందు:

అప్‌డేట్. నిన్న రాత్రి అయిపోయింది, ఇంకా నిద్రపోలేదు, తప్పులుంటే క్షమించండి.

48లో 3 లూప్‌లు ఖాళీ, గ్లిసరాల్ పక్ దాదాపు మొత్తం 3.5 దగ్గరే ఆగిపోయింది, పెగ్ 400లో ఐస్. ఎథిలీన్ గ్లైకాల్ పక్‌లో 5 బాగున్నాయి, అందులో 11వ నంబర్ 2.3 ఆంగ్‌స్ట్రామ్!! హెలికల్‌లో తీశాం, స్క్రీన్ మీద స్పాట్లు చివరిదాకా వస్తుంటే జూనియర్ కేక పెట్టాడు, సెక్యూరిటీ అంకుల్ వచ్చి ఏమైందమ్మా అని అడిగారు. ఒంటిగంటకి కరెంట్ పోయింది, యూపీఎస్ మీద నడిచింది, హాట్‌స్పాట్ పనికొచ్చింది.

సమస్య ఏంటంటే ఆటో ప్రాసెసింగ్ పీ222 (క్రిస్టల్ సిమెట్రీ రకం, అంటే స్పేస్ గ్రూప్) అని చెప్పి ఊరుకుంది, స్క్రూ యాక్సిస్‌లు రెండిటికి బానే ఉంది, మూడోది ఏమీ తేల్చట్లేదు, ఆ వరస రిఫ్లెక్షన్లే (స్పాట్లే) లేవు. 360 డిగ్రీలు తీశాం కదా, ఎలా లేకుండా పోతాయి?

డ్యూవర్_మావ:

అందులో నా పాపం కూడా ఉంది. పిన్ను వెంబడే నిలువుగా పెట్టమన్నది నేనే కదా. నీ మూడో యాక్సిస్ సూది పొడవు వెంబడి ఉండి ఉంటుంది, అది తిరిగే ఇరుసుతో సరిగ్గా కలిసింది, ఇరుసు మీదున్న రిఫ్లెక్షన్లు ఎన్ని డిగ్రీలు తిప్పినా బీమ్ ముందుకి రావు, 360 కాదు 3600 తిప్పినా అంతే. ఈసారి లూప్ మెడ కొంచెం వంచు, లేదా మినీ కప్పా (క్రిస్టల్‌ని ఏటవాలుగా వంచే పరికరం) ఉన్న బీమ్‌లైన్ అడుగు.

ఇప్పటికైతే ఫేజర్‌లో (మోడల్ పెట్టి స్ట్రక్చర్ తేల్చే ప్రోగ్రామ్) అన్ని స్పేస్ గ్రూప్‌లూ ట్రై చేసే ఆప్షన్ ఉంది, పీ222 కుటుంబంలో మొత్తం 8, రెండు నీకు తెలుసు కాబట్టి అసలు పోటీ రెండిటి మధ్యే. ఆల్ఫాఫోల్డ్ (ప్రోటీన్ ఆకారం ఊహించే ఏఐ) మోడల్‌లో నమ్మకం తక్కువున్న తోకలు కత్తిరించి పెట్టు. ముందు వెళ్ళి పడుకో, లాగ్ ఫైల్ సాయంత్రం పెట్టు చూస్తా.