పేపర్‌లో కంప్యూటేషనల్ బయాలజిస్ట్ పేరు ఎక్కడ ఉండాలి?

కోనసీమ_బయో
కంప్యూటేషనల్ బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా, నాలుగో ఏడాది. ఒక ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా (కణాల్లో ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చూపేది) మీద 14 నెలలు కూర్చున్నా. మొన్న పేపర్ డ్రాఫ్ట్ వచ్చింది, 11 మంది పేర్లు, నాది ఆరోది. మొదటి పేరు శాంపిల్స్ చేసిన అక్కది. గైడ్‌ని అడిగితే "నీది అనాలిసిస్ సపోర్టే కదా" అన్నారు. ఇది న్యాయమేనా? ఎస్‌ఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకి 42,000తో ఇంకో రెండేళ్ళు లాగి ఇందులోనే ఉండాలా, ఏదైనా కంపెనీకి పోవాలా అని కూడా ఆలోచిస్తున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

బెంచ్_పని
మీ 14 నెలలు రాశారు, ఆ శాంపిల్స్ తీయడానికి ఆవిడకి ఎన్నేళ్ళు పట్టిందో రాయలేదు. నేను కణాల కల్చర్ చేస్తాను. వాటికి సంక్రాంతి తెలీదు, ఆదివారం తెలీదు, అవి పెరిగే పోషక ద్రవం (మీడియా) మార్చకపోతే చచ్చిపోతాయి. ఆర్‌ఎన్‌ఏ తీసే రోజు గ్లవ్ ఒకటి ఎక్కడో తగిలితే చాలు, మూడు నెలల పని నీళ్ళపాలు. మొదటి పేరు ఆవిడదే, ఇందులో చర్చ ఏముందో నాకు అర్థం కాలేదు.

టెర్మినల్_రాజు
చర్చ "సపోర్ట్" అనే మాట మీద. 1963లో మద్రాస్ యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ కూర్చుని, ప్రొటీన్ గొలుసులో పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఏ కోణాల్లో తిరగగలవో లెక్క కట్టారు. ఈ రోజుకీ ఎవరైనా ప్రొటీన్ నిర్మాణం కట్టామంటే ముందు ఆ రామచంద్రన్ ప్లాట్ అనే గ్రాఫ్ మీద పెట్టే చూస్తారు. అది సపోర్టా? 2024 కెమిస్ట్రీ నోబెల్ బేకర్‌కి, హస్సాబిస్‌కి, జంపర్‌కి ఇచ్చింది ప్రొటీన్ల గురించి కంప్యూటర్ మీద చేసిన పనికే కదా. మన దగ్గర మాత్రం ఇంకా "కోడ్ రాసే అబ్బాయి".

బెంచ్_పని
ప్రొటీన్ ఆకారం ఊహించే ఆ హస్సాబిస్, జంపర్‌ల ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్ దేని మీద నేర్చుకుందండీ? ప్రొటీన్ డేటా బ్యాంక్ మీద. 1971లో 7 నిర్మాణాలతో మొదలైంది అది. తర్వాత, నిర్మాణం చూడడానికి పెంచిన ప్రతి ప్రొటీన్ స్ఫటికం వెనకా ఎవరో ఒకరు చలిగదిలో నిలబడి పెంచినవాళ్ళున్నారు, వాళ్ళెవరి పేరూ ఆ నోబెల్‌లో లేదు.

టెర్మినల్_రాజు
నేనడిగింది సపోర్ట్ అవునా కాదా అని. దానికి జవాబు రాలేదు.

ఓరుగల్లు_వాసి
ఇద్దరూ సమానంగా చేశారని చుక్క గుర్తు పెట్టించుకో తమ్ముడూ, అయిపోతుంది.

టెర్మినల్_రాజు
చుక్క గుర్తు ఎవరూ చూడరు అన్నా. రెఫరెన్స్‌లో పడేది మొదటి పేరే, మిగతా పదిమందీ "తదితరులు".

బెంచ్_పని
ఆ పదిమందిలో శాంపిల్స్ చేసినవాళ్ళుంటే మాత్రం ఫర్వాలేదా మీకు?

టెర్మినల్_రాజు
చేతి పని గురించే మాట్లాడదాం, మీరు పదే పదే అదే ఎత్తుతున్నారు కాబట్టి. 2000లో మానవ జీనోమ్ ముక్కలు పబ్లిక్ ప్రాజెక్టు దగ్గర అతుకు లేకుండా పడి ఉన్నాయి, అవతల పోటీగా సెలెరా అనే ప్రైవేటు కంపెనీ ముందుకెళ్ళిపోతోంది, అప్పుడు కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ యూనివర్సిటీలో జిమ్ కెంట్ అనే పీహెచ్‌డీ విద్యార్థి దాదాపు నాలుగు వారాల్లో వాటిని కలిపే ప్రోగ్రామ్ రాశాడు, రాత్రిళ్ళు మణికట్లకి ఐస్ పెట్టుకుని మరీ టైప్ చేశాడు. కోడ్ రాసేవాడికీ చేతులుంటాయి, అవీ నొప్పి పెడతాయి.
ఇక మీ ల్యాబుల నుంచి వచ్చే ఫైళ్ళ సంగతి. జీన్ లిస్ట్ ఎక్సెల్‌లో పంపిస్తారు. తెరిస్తే సెప్ట్2 అనే జీన్ ఉండాల్సిన గడిలో "2-సెప్టెంబర్" అని ఉంటుంది, మార్చ్1 ఉండాల్సిన చోట "1-మార్చి". ఎక్సెల్ దానంతటదే తారీఖు చేసేస్తుంది, పంపినవాళ్ళు చూసుకోరు. ఈ బాధ పడలేక 2020లో జీన్‌ల పేర్లు పెట్టే కమిటీయే ఆ పేర్లని సెప్టిన్2, మార్చ్ఎఫ్1 అని మార్చేసింది. మూడు రాత్రులు కూర్చుని గడి గడి సరిచేసి పంపితే థాంక్స్ కూడా ఉండదు. అది ఏ నెలల లెక్కలోకి వస్తుందండీ?

బెంచ్_పని
ఎక్సెల్ తప్పులు చూపించి మా పని తక్కువ చేయకండి. నా సంగతి నేనూ చెప్తా. మొదటి పేపర్‌తో పాటు డేటా అంతా పబ్లిక్‌లో పెట్టాలి అన్నారు, పెట్టాను. ఎనిమిది నెలలు తిరక్కుండా, మేమెవరమో తెలియని ఒక గ్రూప్ అదే డేటా దించుకుని నా రెండో పేపర్ ప్రశ్న మీదే పేపర్ వేసేశారు. ఒక్క మెయిల్ కూడా పెట్టలేదు. నా థీసిస్‌లో మూడో చాప్టర్ పోయింది. ఆ కణాలు ఎలా ఉంటాయో కూడా చూడనివాళ్ళు. ల్యాప్‌టాప్ ఉంటే చాలు, మంది పొలంలో పంట కోసుకుపోవచ్చు.

టెర్మినల్_రాజు
2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకీయంలో ఇదే రాశారు, వేరేవాళ్ళ డేటా వాడుకునేవాళ్ళని పరాన్నజీవులు అనే మాట వచ్చింది అందులో. చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు నువ్వూ అదే అంటున్నావ్, మాట మార్చి.

బెంచ్_పని
నువ్వు అనేంత పరిచయం లేదు మనకి. నేను ఆ మాట వాడలేదు.

మెట్టుగూడ_మాధవి
ఇద్దరూ కాస్త ఆగండి, పిల్లాడు అడిగింది వేరు.

టెర్మినల్_రాజు
సరే, "మీరు". తప్పే. కానీ ఇది వినండి. నాకు 17 పేపర్లున్నాయి, రెండు తప్ప అన్నిట్లో మధ్యలో పేరే. పోయినేడు ఫ్యాకల్టీ ఇంటర్వ్యూకి వెళ్తే మొదటి ప్రశ్నే "ఇందులో మీ సొంత ప్రశ్న ఏది?" అని. నోట మాట రాలేదు. పదేళ్ళు అందరి ప్రశ్నలకీ లెక్కలు చేసి పెట్టాను. బయాలజీ వాళ్ళు మీరు కంప్యూటర్ సైన్స్ అంటారు, కంప్యూటర్ సైన్స్ వాళ్ళు ఇందులో కొత్త అల్గారిథం ఏముంది అంటారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యా. 38 ఏళ్ళొచ్చాయి, ఇంకా పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పనిలోనే.

ఉప్పల్_రోడ్
ఇన్నాళ్ళూ చదివి ఊరుకున్నాను, ఒక చిన్న గ్రూప్ నడుపుతున్నాను కాబట్టి అడుగుతున్నా. కోనసీమ బాబూ, ఆ డేటా నీ దగ్గరికి ఎప్పుడొచ్చింది? ప్రయోగం ప్లాన్ చేసినప్పుడు నువ్వు ఆ గదిలో ఉన్నావా?

కోనసీమ_బయో
లేను సార్. సీక్వెన్సింగ్ అయిపోయాక హార్డ్ డిస్క్ ఇచ్చారు. ఇంకోటి కూడా చెప్పాలి, ఇక్కడ రాయలేదు. కంట్రోల్స్ (పోల్చడానికి తీసిన జబ్బు లేనివాళ్ళ శాంపిల్స్) అన్నీ ఒక బ్యాచ్‌లో చేశారు, పేషెంట్ల శాంపిల్స్ అన్నీ రెండు నెలల తర్వాత వేరే కిట్‌తో. కనిపిస్తున్న తేడా జబ్బు వల్లా, కిట్ వల్లా అని ఏ లెక్కతోనూ విడదీయలేను. 14 నెలల్లో సగం దానితోనే పోయింది.

ఉప్పల్_రోడ్
అనుకున్నా. స్టాటిస్టిక్స్‌లో పెద్ద పేరున్న ఫిషర్ 1938లో కలకత్తా వచ్చి, ఇండియన్ స్టాటిస్టికల్ కాన్ఫరెన్స్ ప్రసంగంలో ఇదే చెప్పాడు, ప్రయోగం అయిపోయాక స్టాటిస్టీషియన్ని పిలిస్తే అతను చేయగలిగేది శవపరీక్షే అని. ఆరో పేరా రెండో పేరా అని కొట్టుకుంటున్నారు గానీ, మొదటి రోజు నీ కుర్చీ లేదు, అసలు పోయింది అక్కడ. ఉండి ఉంటే ప్రతి బ్యాచ్‌లో సగం కంట్రోల్స్, సగం పేషెంట్లు పెట్టమని ఐదు నిమిషాల్లో చెప్పేవాడివి.

టెర్మినల్_రాజు
ఇదే నేను చెప్పలేకపోయింది. పేరు ఆరోదైనా ఓర్చుకుంటా, ప్రశ్నలో నా పాలు ఉంటే.

బెంచ్_పని
అదే నాకు భయం. ఆరేళ్ళు మైక్రోస్కోప్ కింద చూస్తే ఆ కణాలు ఒకరోజు వేరేలా పాకాయి, అలా పుట్టింది నా ప్రశ్న. లెక్క మీకొచ్చు, నాకు రాదు, ఒప్పుకుంటా. ప్రశ్న కూడా మీదే అయితే నేను పైపెట్ పట్టుకునే మనిషినై మిగులుతా. మీరు "సపోర్ట్" అంటే ఏడుస్తున్నారే, నన్ను అదే చేస్తారు.

టెర్మినల్_రాజు
కణాలు వేరేలా పాకడం నేను ఎప్పుడూ చూడలేదు. నన్ను ఎవరూ చూడమని పిలవలేదు కూడా.

బెంచ్_పని
పిలిస్తే వచ్చేవారా?

టెర్మినల్_రాజు
మొదటి రెండేళ్ళూ వచ్చేవాడిని.

బెంచ్_పని
కోనసీమ గారూ, ఆ బ్యాచ్ విషయం శాంపిల్స్ చేసినావిడకి తెలుసా?

కోనసీమ_బయో
లేదండీ. గైడ్‌కి ఒక్కరికే మెయిల్ పెట్టా, "మెథడ్స్‌లో ఒక లైన్ రాసెయ్" అన్నారు.

బెంచ్_పని
ముందు ఆవిడకి చెప్పండి. ఆవిడ పేరు మొదట ఉంది, రేపు రివ్యూయర్ పట్టుకుంటే పోయేది ఆవిడ ఇన్నేళ్ళ కష్టం. మైనస్ 80 ఫ్రీజర్‌లో ఆర్‌ఎన్‌ఏ మిగిలి ఉందేమో అడగండి. మేం ఎప్పుడూ కొంచెం దాస్తాం. రెండు గుంపుల నుంచీ తలో ఆరు కలిపి ఒకే రోజు, ఒకే కిట్‌తో మళ్ళీ చేస్తే తేలిపోతుంది.

టెర్మినల్_రాజు
ఏ ఆరు తీయాలో నువ్వే ఎంచు తమ్ముడూ, వయసు, ఆడా మగా సరిచూసి. ఆ లిస్ట్ నీ పేరుతో మెయిల్‌లో పెట్టు. ఆరో పేరు మాత్రం నేను ఒప్పుకోను, ఇప్పటికీ.

కోనసీమ_బయో
అక్క ల్యాబ్ మా బిల్డింగ్‌లోనే, రెండో అంతస్తు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పొద్దున్నే వెళ్తున్నా.